డీ అడిక్షన్ కౌన్సెలర్ అవ్వాలని ఉంది, ఇంట్లో ఒప్పుకోవట్లేదు, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖమ్మంపిల్ల
అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే ఫస్ట్. డిగ్రీలో సైకాలజీ ఒక సబ్జెక్టు, అయిపోయి రెండేళ్లు, ఇప్పుడు ఒక కంపెనీలో కస్టమర్ చాట్ చూస్తున్నా, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రోజుకి రెండొందలసార్లు పేస్ట్ చేసే ఉద్యోగం. మా బాబాయ్ తాగి తాగి లివర్ పోయి చనిపోయాడు, మూడుసార్లు సెంటర్లో జాయిన్ చేశారు, మూడుసార్లూ బయటికొచ్చిన నెలలోపే మళ్లీ మొదలు. ఆఖర్లో ఆస్పత్రిలో పక్కన ఎక్కువ ఉన్నది నేనే. సెంటర్లో ఒక కౌన్సెలర్ మేడం ఉండేది, ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి ఆవిడ ముందు కూర్చుని ఏడవడం చూశా. అప్పట్నుంచి ఈ పని నేను చెయ్యగలనా అనే ఆలోచనే. అమ్మేమో తాగుబోతుల మధ్య ఆడపిల్లకి ఉద్యోగమేంటి, రేపు సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలి అంటుంది. ఏం చదవాలి, జీతం ఎంత వస్తుంది, ఆన్‌లైన్లో మూడు నెలల డిప్లొమా 18,000 అని యాడ్ వస్తోంది అది చెయ్యొచ్చా, ఇంకోటి నేను జీవితంలో బీరు కూడా ముట్టలేదు, వాళ్లకి నేనేం చెప్తా? పెద్దగా రాసేశా సారీ.

ఆర్టీసీ_క్రాస్‌రోడ్స్
జీతం సంగతి ముందు చెప్తా, మిగతావాళ్లు సేవ, తృప్తి అని మొదలెట్టేలోపు. నా ఫ్రెండ్ ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసి ఒక ఎన్జీఓ సెంటర్లో చేరాడు, మొదటి జీతం 13,000, అదీ గ్రాంటు లేటైతే రెండు మూడు నెలలకోసారి కలిపి ఇచ్చేవాళ్లు. వాడి రూం రెంటు నేను కట్టిన నెలలున్నాయి. ఇప్పుడు వాడు ఇన్సూరెన్స్‌లో ఉన్నాడు. నీ ఇష్టం మరి.

గోదారిగట్టు
పైన చెప్పింది అబద్ధమేం కాదండి. నేను తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఉభయ గోదావరి వైపు గ్రాంటుతో నడిచే సెంటర్లో. కాస్త వివరంగా రాస్తాను తల్లీ, టీ తెచ్చుకుని చదువుకో.

మన దేశంలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోడానికి ఇన్నాళ్లూ లైసెన్సంటూ ఏం లేదు. అందుకే నీకు ఆ 18,000 యాడ్ వచ్చింది. ఆ డబ్బులు అమ్మకి ఇచ్చి ఏదైనా వస్తువు కొనుక్కోమను. లైసెన్సు గట్టిగా ఉన్నది క్లినికల్ సైకాలజిస్టులకి, అది ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్, అంటే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద. దానికి ఇన్నాళ్లూ ఎంఏ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ ఉండేది, నిమ్హాన్స్‌లో, మన ఎర్రగడ్డలో, సికింద్రాబాద్ స్వీకార్‌లో చదివినవాళ్లు నాకు తెలుసు. ఆ కోర్సుల పద్ధతి ఇప్పుడు మారుతోంది కాబట్టి చేరే ఏడాది ఆర్‌సీఐ సైట్‌లోనే చూసుకో, సీనియర్లు వాట్సాప్‌లో చెప్పేది నమ్మకు. మిగతా కౌన్సెలర్లని కూడా రిజిస్టర్‌లోకి తెచ్చే అలైడ్ హెల్త్ చట్టం 2021లో వచ్చింది, కాబట్టి రేపటి రోజున యూనివర్సిటీ డిగ్రీ లేనివాళ్లకి కష్టం.

మా సెంటర్లలాంటివాటిని ఐఆర్‌సీఏ అంటారు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో ఎన్జీఓలు నడుపుతాయి. ఒక డాక్టరు వచ్చి వెళ్తారు, నర్సులు, వార్డు బాయ్స్, కౌన్సెలర్లు, ఒక్కోచోట యోగా మాస్టారు. ఇక్కడ కౌన్సెలర్‌గా ఎక్కువగా ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లనీ ఎంఏ సైకాలజీ వాళ్లనీ తీసుకుంటారు. చేరాక ట్రైనింగ్‌కి పంపుతారు, నేను చెన్నై టీటీకే ఆస్పత్రికి వెళ్లొచ్చాను, శాంతి రంగనాథన్ గారు 1980లో పెట్టిన సంస్థ అది, భర్తని తాగుడుకి పోగొట్టుకున్న ఆవిడ. మీ బాబాయ్ గురించి చదివినప్పుడు ఆవిడే గుర్తొచ్చారు.

పని విషయానికొస్తే, సినిమాల్లోలా ఎదురుగా కూర్చుని ఒక్క డైలాగు చెప్తే మనిషి మారిపోవడం ఉండదు. నా రోజులో సగం కేస్ షీట్లు రాయడం, పావు వంతు ఇంట్లోవాళ్లకి ఫోన్లు, మిగిలిన పావు అసలు మాట్లాడ్డం. అందులోనూ ఎక్కువ వినడమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుని. చెల్లీ నువ్వు ఏ కోర్సు చేసినా సరే ఒకటి ముందే తలలో పెట్టుకో, మాటల కంటే ముందు మందులు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే చేతులు వణుకు, చెమటలు, నిద్ర ఉండదు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొంతమందికి లేనివి కనపడతాయి, గోడ మీద పురుగులంటారు, చచ్చిపోయిన నాన్న వచ్చాడంటారు, దాన్ని డీటీ అంటాం, ప్రాణం పోయే స్టేజి అది. కొత్త కౌన్సెలర్లు దాన్ని చూసి "మానసిక సమస్య" అని కూర్చోబెట్టి మాట్లాడబోతారు. మాట్లాడకు, డాక్టర్ని పిలువు.

ఇంకోటి మన ఊళ్లలో ఎక్కువ. మనిషి నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. ఏళ్లతరబడి అన్నం మానేసి తాగిన మనిషికి ఒంట్లో విటమిన్ బీ1 ఉండదు, దాన్నే థయమిన్ అంటాం, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. కౌన్సెలర్‌వి ఇంజెక్షన్ చెయ్యవు గానీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు "బాటిల్ ఏమైనా పెట్టించారా" అని అడగడం నీ పనే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్స్ మూసినప్పుడు ఎర్రగడ్డ ముందు క్యూ టీవీల్లో చూసే ఉంటారు. జనం నవ్వుకున్నారు మీమ్స్ వేసుకుని. లోపల మాకు నవ్వు రాలేదు.

పాలమూరు_పోరడు
అక్కా నేను ఎంఎస్‌డబ్ల్యూ సెకండియర్, ఫీల్డ్ వర్క్ మా జిల్లల్నే పడ్డది. మా దగ్గర కథ వేరే ఉంటది, మందు కంటే కల్లు. చెట్టు కల్లు కాదు, డైజీపాం, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు. అది మానితే సారా మానినట్లుండదు, నిద్రగోళీలు మానినట్లుంటది, ఫిట్స్ వస్తయి, నాలుక మెలేస్తది, మెడ వంకర పోతది. 2015ల ఆ కలిపెటోళ్ల మీద దాడులు చేసినప్పుడు మా పాలమూరు, మెదక్, నిజామాబాద్ దిక్కు వందలమంది దవాఖాన్లల్ల పడ్డరు, అండ్ల ఆడోళ్లు, ముసలోళ్లు మస్తు మంది.

ఫీల్డ్ వర్క్‌ల నాకు ఫస్ట్ దెబ్బ ఏడ పడ్డదంటే, ఆడిట్ అని డబ్ల్యూహెచ్‌ఓ ఫారం ఉంటది, పది ప్రశ్నలు, ఎంత తాగుతరు, ఎన్నిసార్లు తాగుతరు అని. ఒక అవ్వని అడిగిన, అవ్వా మందు తాగుతవా అని. థూ, నేనెందుకు తాగుత బిడ్డా అన్నది. సున్నా వేసిన. పక్కనున్న సార్ నవ్వి, కల్లు అడుగు అన్నడు. కల్లా, కల్లు మందెట్లయితది, పొద్దున రెండు సీసలు మాపటికి రెండు అన్నది. మొత్తం ఫారం మల్ల రాసిన. పుస్తకంల ప్రశ్న కరెక్టే ఉంటది, మన ఊరి మాట దానికి దొరకాలె.

ఈఒక్కరోజు
నేను మాజీ తాగుబోతుని. మాజీ అనకూడదు అంటారు మా మీటింగుల్లో, అలవాటు ప్రకారం రాశా. పదకొండేళ్లయింది చుక్క ముట్టి.

తాగనిదానివి నువ్వేం చెప్తావు అన్నావు కదమ్మా. నిజంగానే నేను సెంటర్లో మొదటిరోజు ఆ కుర్రాడిని అడిగిందదే, "ఏరా నువ్వు ఎప్పుడన్నా తాగావా" అని. లేదన్నాడు. అయితే లేచిపో అన్నా. వాడు లేవలేదు. వాడి చోట తాగి మానినవాడు ఎవడైనా ఉంటే నేను రెండు నిమిషాల్లో వాడిని మోసం చేసేవాడిని, ఎందుకంటే ఇద్దరం ఒకే భాషలో అబద్ధాలు చెప్పుకునేవాళ్లం.

అట్లని మానినవాళ్లు పనికిరారని కాదు. రాత్రి పదకొండుకి చేతులు లాగుతుంటే నేను ఫోన్ చేసేది కౌన్సెలర్‌కి కాదు, మా ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపు వాడికి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు పట్టుకుని నిలబడితే మొదలైంది అది, హైదరాబాద్‌లో తెలుగు మీటింగులు జరుగుతాయి, ఓపెన్ మీటింగ్ అంటే తాగనివాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చు. నువ్వు 18,000 కోర్సు బదులు నాలుగు ఓపెన్ మీటింగులకి వెళ్లు. టీ కూడా ఫ్రీ.

గోదారిగట్టు
అన్నగారు బాగా చెప్పారు. చిన్న మాట కలుపుతాను. మానినవాళ్లు కౌన్సెలర్లయితే ఒక ఇబ్బంది చూశాను, "నేను ఇలా మానాను, నువ్వూ ఇలాగే మాను" అంటారు. తనకి గుడి పనిచేస్తే అందరికీ గుడే. పొలం అప్పులున్నవాడికి గుడి ఏం చేస్తుందండి.

ఈఒక్కరోజు
ఒప్పుకుంటా. నేనూ మొదట్లో అంతే. అందుకే నన్ను కౌన్సెలర్‌గా పెట్టుకోవద్దని మా సెంటర్ వాళ్లకి నేనే చెప్పా, వాలంటీర్‌గా వస్తా అన్నా.

సింహపురి_పెద్దాయన
నాకు డెబ్బై దాటినాయి. మాది నెల్లూరు జిల్లా, దూబగుంట మాకు దగ్గరే. 1992లో ఆడోళ్లు రాత్రి బడిలో పాఠం చదువుకోని సారా అంగళ్ల మీదికి పొయ్యింది నా కళ్లారా చూసినా. మరుసటేడు అక్టోబరులో సారా పోయింది, 95లో మొత్తం మద్యమే పోయింది, 97లో మళ్లీ తిరిగొచ్చింది. ఆ రెండేళ్లలో మా వీధిలో ఒకడు మానేసి బంగారమయిపోయినాడు, ఇంకొకడు తట్టుకోలేక కనిపించినదల్లా తాగి చచ్చిపోయినాడు. ఇద్దరికీ అంగడి లేదు, ఇద్దరికీ పెళ్లాం కొట్లాడింది. రెండోవాడి దగ్గర కూర్చోని నీకేమయితోందిరా అని అడిగినోళ్లు లేరు. అప్పుడు ఈ ఉద్యోగం ఉందని కూడా మాకు తెలవదు. మీ అమ్మకి ఈ మాట చెప్పు పాపా.

ఆర్టీసీ_క్రాస్‌రోడ్స్
పెద్దాయనా బాగా చెప్పారు, కానీ అమ్మకి మాటలు చెప్తే సరిపోదు కదా, ఈఎంఐలు ఎవరు కడతారు? జీతం పెరిగే దారి ఏదైనా ఉందా లేదా అది చెప్పండి ఎవరైనా.

గోదారిగట్టు
ఉందండి, కానీ సెంటర్లోనే కూర్చుంటే రాదు. నాతో చేరినవాళ్లలో ఒకమ్మాయి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సోషల్ వర్కర్‌గా వెళ్లింది, ఒకబ్బాయి ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ కింద కౌన్సెలర్ అయ్యాడు, సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లకి బుప్రెనార్ఫిన్ ఇచ్చే ఓఎస్‌టీ సెంటర్లుంటాయి కదా అక్కడ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 వచ్చాక ఫోన్ కౌన్సెలర్లనీ తీసుకున్నారు. ఐటీ కంపెనీలకి ఉద్యోగుల కౌన్సెలింగ్ చేసిపెట్టే సంస్థలుంటాయి, డబ్బు అక్కడే ఎక్కువ, కాకపోతే అక్కడ తాగుడు గురించి నోరు విప్పేవాడు తక్కువ, అంతా "స్ట్రెస్" అంటారు.

నా సంగతి అడిగితే, 11,000తో మొదలెట్టి ఇప్పుడు 26,000. మా ఆవిడ టీచరు కాబట్టి నడుస్తోంది. దాచేదేముంది.

డల్లాస్_అత్తయ్య
నేను టెక్సస్‌లో ఎల్‌సీడీసీని, అంటే లైసెన్స్‌డ్ కెమికల్ డిపెండెన్సీ కౌన్సెలర్. ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చి వర్క్ పర్మిట్ వచ్చాక మొదలుపెట్టా, అప్పటికి నాకు ముప్పై ఎనిమిది, ఇండియాలో చదివింది బీకాం. కమ్యూనిటీ కాలేజీలో చేరి రెండేళ్ల డిగ్రీ, అందులోనే 270 గంటల క్లాసులు, 300 గంటల ప్రాక్టికం, ఆ తర్వాత సూపర్‌వైజర్ కింద 4,000 గంటలు పని, పరీక్ష. ప్రతి రాష్ట్రానికీ రూల్ వేరే, ఇక్కడిది న్యూజెర్సీలో నడవదు.

ఇండియా పిల్లలకి చెప్పేది ఒక్కటే, ఆ 4,000 గంటలు జోక్ కాదు. నా సెషన్ అయ్యాక మా సూపర్‌వైజర్ "ఎందుకు అక్కడ నువ్వు మాట్లాడావు, ఆయన ఆగాడు కదా, ఆగనివ్వాల్సింది" అని అడిగేది. నాకు పని వచ్చింది అక్కడే. నువ్వు ఏ సెంటర్లో చేరినా నీ కేసులు వారానికోసారి కూర్చుని వినే సీనియర్ ఉన్నారా అని అడుగు, జీతం కంటే ముందు అడుగు. ఇక్కడ మనవాళ్లు సొంతంగా రారు, డీడబ్ల్యూఐ, అంటే తాగి కారు నడిపిన కేసులో జడ్జి పంపిస్తే వస్తారు, వచ్చి "ఆంటీ మా వాళ్లకి చెప్పకండి" అని మొదలు.

పాలమూరు_పోరడు
గంజాయి పోరల గురించి ఎవ్వరు చెప్తలేరు. ఇప్పుడు మాకొచ్చే కేసులల్ల ఇంటర్, బీటెక్ పోరలే ఎక్కువ, అమ్మనాన్న పట్టుకొస్తరు, పోలీస్ కేసైతదని భయం. ఎన్‌డీపీఎస్ అని మత్తుమందుల చట్టం ఉంటది, అండ్ల 64ఏ అని ఉన్నది, అలవాటు పడ్డోడు కొద్దిపాటి సరుకుతోటి దొరికినా, తనంతట తాను చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే కేసుల వెసులుబాటు దొరుకుతది. అమ్మేటోళ్లకు ఇది నడ్వదు. ఈ సంగతి తల్లిదండ్రులల్ల నూటికి తొంబై మందికి ఎరుక లేదు. కౌన్సెలర్ అయితే గిట్ల చట్టం కూడ కొంచెం చదవాలె అక్కా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చట్టం అన్నారు కాబట్టి. సెంటర్ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త చెల్లీ. నేను గతంలో కొన్నాళ్లు ఒక ప్రైవేటు చోట చేశా, పేరెందుకులే. ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే రాత్రిపూట నలుగురు మనుషులు వెళ్లి బండిలో ఎక్కించుకొచ్చేవాళ్లు, తలుపులకి బయట తాళం, మాట వినకపోతే దెబ్బలు. ఒకాయన కాలికి గొలుసు చూసిన రోజు మానేశా. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసుతో కట్టడం నిషేధం, ఈ సెంటర్లు కూడా ఆ చట్టం కింద రిజిస్టర్ అవ్వాలి. ఇంటర్వ్యూకి వెళ్తే ఆఫీసు రూంలోనే కూర్చోకు, వార్డు చూపించమను, బాత్రూం చూడు, కిటికీలు చూడు. చూపించకపోతే ఇంటికొచ్చెయ్.

వంటింటి_కిటికీ
నేను కౌన్సెలర్ని కాదు, భార్యని. చదువుతూ ఉండబట్టలేక రాస్తున్నా. మా ఆయనకి తెలీకుండా పప్పులో మాత్ర కలిపి పెట్టమని మా వీధిలో మెడికల్ షాపతను ఇచ్చాడు, తాగితే వాంతులవుతాయి భయపడి మానేస్తాడని. కలిపా. ఆ రాత్రి తాగి వచ్చి మొహమంతా ఎర్రగా అయ్యి గుండె పట్టుకుని పడిపోయాడు, బీపీ పడిపోయింది, 108లో తీసుకెళ్లాం. బతికాడు. డాక్టరు నన్ను తిట్టలేదు, ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్, మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూసి మాత్రమే ఇవ్వాలి అన్నాడు. తర్వాత ఒక కౌన్సెలర్ నన్ను కూర్చోబెట్టి రెండు గంటలు నా గురించే అడిగింది, ఆయన గురించి కాదు. పదహారేళ్లలో నన్ను నా గురించి అడిగిన మొదటి మనిషి. నువ్వు ఈ పనిలోకి రా అమ్మా.

ఖమ్మంపిల్ల
అక్కా మీరు రాసింది చదివి లంచ్ బ్రేక్‌లో ఏడ్చేశా. అందరికీ థాంక్స్. ఒక్క డౌట్, బాబాయ్ మూడుసార్లు రిలాప్స్ అయ్యాడు, అంటే ఆ మేడం ఫెయిలైనట్టా? అలాంటివి రోజూ చూస్తూ మీరు ఎలా ఉంటారు?

గోదారిగట్టు
మొదటి రెండేళ్లు నేను సరిగ్గా ఉండలేదు తల్లీ. డిశ్చార్జి అయినవాడు వైన్స్ ముందు కనపడితే స్కూటర్ ఆపి గొడవ పడ్డాను ఒకసారి. అది కౌన్సెలింగ్ కాదు, నా కోపం. ఇప్పుడు షుగర్ పేషెంటుకి మళ్లీ షుగర్ పెరిగితే డాక్టరు ఏం చేస్తాడో నేనూ అదే చేస్తాను, ఎక్కడ తప్పింది, ఆ రోజు ఎవరున్నారు, జేబులో ఎంతుంది, అని మళ్లీ మొదలు.

ఒకటి చెప్తాను, మా దగ్గర జనవరి నెలాఖరు బిజీ. ఎందుకో ఊహించు. అయ్యప్ప మాల. 41 రోజులు చుక్క ముట్టరు, మాల తీసిన రోజు సాయంత్రమే మొదలు, పాత బాకీ తీర్చినట్టు తాగుతారు. మాల వేసుకున్న మూడో రోజు ఫిట్స్‌తో వచ్చినవాళ్లనీ చూశాను, సిస్టర్ గారు చెప్పినట్టు ఒక్కసారిగా ఆపడం వల్ల. మా పాత సూపర్‌వైజర్ "దేవుడికి భయపడి మానావు, పెళ్లాం పిల్లలంటే భయం లేదా" అని తిట్టేవాడు. వాళ్లు తల దించుకునేవారు, అంతే. నేను ఇప్పుడు అడిగేది వేరు, "41 రోజులు ఎలా ఆగారు స్వామీ, నాకు నేర్పండి" అంటాను. అప్పుడు చెప్తారు. తెల్లారుజామున లేచేవాడినండి, చన్నీళ్ల స్నానం, సాయంత్రం ఆరింటికి భజన, పక్కన పదిమంది స్వాములు, అందరూ నన్ను స్వామీ అని పిలిచేవారు. ఆ ఆఖరి మాట దగ్గర ఒకాయన గొంతు పూడుకుపోయింది. మిగతా రోజుల్లో ఆయన్ని ఊళ్లో ఏమని పిలుస్తారో నేను అడగలేదు.

ఈఒక్కరోజు
నన్ను "ఖాళీ సీసా" అనేవాళ్లు.

ఖమ్మంపిల్ల
(మూడు వారాల తర్వాత) అప్‌డేట్. రెండు ఓపెన్ మీటింగులకి వెళ్లా, ఒక సెంటర్లో పర్మిషన్ అడిగి ఒకరోజు కూర్చున్నా. ఫ్యామిలీ మీటింగ్ అయ్యాక ఒక తాత నన్ను పిలిచి, "ఏం పాపా నువ్వు తాగుతావా" అన్నాడు. లేదు తాతా అన్నా. మరి నీకేం తెలుసు అన్నాడు. ఏం తెలీదు, మీరే చెప్పాలి అన్నా, గోదారిగట్టు గారూ మీ దగ్గర కొట్టేసిన ఐడియానే. నలభై నిమిషాలు చెప్పాడు. క్వార్టర్ సీసా ఎక్కడ దాస్తే పెళ్లాం వెతకదో, ▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒▒ అని మొత్తం. మధ్యలో రెండుసార్లు నాకు మాట్లాడాలనిపించింది, డల్లాస్ అత్తయ్య గుర్తొచ్చి నోరు మూసుకున్నా. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి ఎంఎస్‌డబ్ల్యూకి వెళ్దామని ఫిక్సయ్యా, చదువు అయ్యేదాకా నైట్ షిఫ్ట్ చాట్ జాబ్ ఉంచుకుంటా. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు గానీ నిన్న అన్నం పెడుతూ ఆ తాత ఎట్లున్నాడు అని అడిగింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చెల్లీ సంతోషం. కానీ నువ్వు మొదట పెట్టిన పోస్టులో ఆయన ఊరు, ఆయన చేసే పని, సీసా దాచే చోటు అన్నీ ఉన్నాయి, నేను చదివా. ఆ ఊరి వాడెవడైనా చూస్తే ఎవరో తెలిసిపోతుంది. అక్కడ విన్నది అక్కడే ఉండాలి.

ఖమ్మంపిల్ల
అయ్యో అక్కా, అస్సలు ఆలోచించలేదు. మీ మెసేజ్ చూసిన వెంటనే అది కొట్టేశా, అడ్మిన్ గారికి కూడా రాశా పాత కాపీ తీసెయ్యమని. సారీ. ఆ తాతకి కూడా మనసులో సారీ చెప్పుకున్నా.

గోదారిగట్టు
పర్లేదు తల్లీ, నేను మొదటి నెలలో ఇంతకన్నా పెద్ద తప్పు చేశాను, అది ఇక్కడ రాయలేను ఇదే కారణానికి.

పాలమూరు_పోరడు
అక్కా సీపీగెట్ పాత పేపర్లు నా దగ్గర మూడేండ్లయి ఉన్నయి, పేపర్ల ఫొటోలు రాత్రికి పెడ్త. అవి ముందు చూస్కో.